ప్రమేయం లేనివాడు, పట్టింపు లేనివాడు

(మాస్టారి స్మారకోపన్యాసం: ముద్రణ కోసం అక్కడక్కడా సవరించిన పాఠం)



మాస్టారి పూర్తి పేరు బ్యానరు మీద ఉంది. ఈ ఊళ్లో ఆయన్ని ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు కనక నేనూ మాస్టారనే అంటాను. ఇంగ్లీషు చెప్పిన మనిషి స్మారకోపన్యాసానికి వకీలును పిలవడమేమిటని కొందరికి అనిపించి ఉండొచ్చు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లలో ఇంగ్లీషు ఎమ్మేలకంటే నల్లకోట్లే ఎక్కువ. ప్లెయింటులో ఒక్క మాట అటూ ఇటూ అయితే దావా ఎటు కొట్టుకుపోతుందో ఆయనకు మాకంటే బాగా తెలుసు. ఒకేలా కనిపించే రెండు మాటల్ని పక్కపక్కన బోర్డు మీద రాసి, "వీటికి తేడా ఏమిట్రా?" అని అడగడం ఆయన అలవాటు. అందుకని ఈ సాయంత్రానికి నేనూ రెండే మాటలు తీసుకున్నాను. ఒకటి డిస్‌ఇంటరెస్టెడ్, రెండోది అన్‌ఇంటరెస్టెడ్.

ఒక వ్యవహారంలో తనకంటూ లాభం గానీ నష్టం గానీ లేనివాడు డిస్‌ఇంటరెస్టెడ్. ఆ వ్యవహారం ఏమైపోయినా పట్టనివాడు అన్‌ఇంటరెస్టెడ్. జడ్జి మొదటివాడై ఉండాలి, రెండోవాడు కాకూడదు. ఈ ఉదాహరణ గ్రామరు పుస్తకాల్లో అరిగిపోయింది. అక్కడితో సరిపెట్టుకునేట్టయితే మనమంతా ఇక్కడ కూడనవసరం లేదు.

చిక్కంతా ఇంటరెస్ట్ అన్న మాటలోనే ఉంది. బ్యాంకుకు వెళ్తే అది వడ్డీ. సేల్ డీడులో రైట్, టైటిల్, ఇంటరెస్ట్ అని మూడూ వరసగా వచ్చేచోట అది ఆస్తిలో ఉన్న వాటా, సంబంధం. దాన్నే మన దస్తావేజు లేఖరులు "దాన విక్రయాది సర్వ హక్కులతో" అని ఒక్క ఊపులో రాసేస్తారు. సినిమా హాలు దగ్గర అదే మాట ఆసక్తి. మూలమైన లాటిన్‌లో దానికి నడుమ ఉండటం, సంబంధించి ఉండటం అని అర్థం. ఇంగ్లీషులో అది ముందు హక్కుల, లావాదేవీల మాటగా స్థిరపడింది. ఆసక్తి అన్న అర్థం బాగా తర్వాత, 18వ శతాబ్దంలో వచ్చి చేరింది. మనకు వడ్డీ, వాటా, ఆసక్తి అని మూడు విడివిడి మాటలున్నాయి. అయినా మాటల్లో వాడే "నాకు ఇంట్రెస్ట్ లేదండీ"లో ఆ మూడో అర్థం ఒక్కటే మిగిలింది. దాంతో ముందు డిస్ వచ్చినా అన్ వచ్చినా చెవికి ఆసక్తి లేదనే వినబడుతుంది.

ఆ రెండు ఉపసర్గలూ చేసే పని ఒకటి కాదు. అన్‌ఆర్మ్‌డ్ అంటే చేతిలో ఆయుధం లేనివాడు. డిసార్మ్‌డ్ అంటే ఉన్న ఆయుధాన్ని లాక్కోగా మిగిలినవాడు. పాత ఇంగ్లీషులో డిస్‌ఇంటరెస్ట్ అనే క్రియ కూడా ఉండేది. ఉన్న సంబంధాన్ని తెంచేయడం, వాటా నుంచి తప్పించడం దాని అర్థం. మన మొదటి మాట అక్కణ్ణుంచి వచ్చిందే. అంటే ఆ మాటలో నిన్నటిదాకా ఉన్న సంబంధాన్ని వదులుకుని వచ్చి కూర్చున్న మనిషి ఉన్నాడు. రెండోదాంట్లో అసలు లోపలికే రాని మనిషి ఉన్నాడు.

ఇక్కడ చరిత్ర కొంచెం అల్లరి చేస్తుంది. 17వ శతాబ్దం మొదట్లో కవి జాన్ డన్ మొదటి మాటను ఆసక్తి లేని అన్న అర్థంలోనే వాడాడు. అదే శతాబ్దంలో రెండో మాటను పక్షపాతం లేని అన్న అర్థంలో వాడినవాళ్లూ ఉన్నారు. 18వ శతాబ్దంలో రెండూ స్థానాలు మార్చుకుని కుదురుకున్నాయి. 20వ శతాబ్దం వచ్చేసరికి మళ్లీ కలగాపులగం మొదలైంది. దీన్ని చూపించి, తేడా అంతా పంతుళ్ల చాదస్తమని కొట్టిపారేసేవాళ్లున్నారు. వాళ్ల వాదన నాకు రుచించదు. గట్టు నిన్న వేసిందే కావచ్చు, ఇవాళ రెండు చేలకూ అదే హద్దు.

సాహిత్యం వాళ్లు కూడా సభలో ఉన్నారు కాబట్టి ఒక్క ముక్క. మాథ్యూ ఆర్నాల్డ్ 1864లో విమర్శ గురించి రాసిన వ్యాసంలో విమర్శకుడికి ఉండాల్సిన మొదటి గుణం డిస్‌ఇంటరెస్టెడ్‌నెస్ అన్నాడు. పార్టీలకూ, తక్షణ ప్రయోజనాలకూ దూరంగా నిలబడి పుస్తకాన్ని ఉన్నదున్నట్టు చూడమని ఆయన ఉద్దేశం. పుస్తకం తెరవకుండానే ముందుమాట రాసే మన పెద్దలు ఆ దూరాన్ని మరీ ఎక్కువ పాటిస్తున్నారు. ఇక నాకు తెలిసిన కోర్టులోకి వస్తాను.

లండన్‌లో గ్రాండ్ జంక్షన్ కాలువ కంపెనీ మీద డైమ్స్ అనే భూస్వామి ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిపాడు. కింద వైస్ ఛాన్సలర్ హోదాలోని జడ్జి కంపెనీకి అనుకూలంగా తీర్పిచ్చాడు. లార్డ్ ఛాన్సలర్ కాటెన్‌హామ్ దాన్ని ఖాయం చేశాడు. తర్వాత బయటపడిందేమిటంటే, ఆ కంపెనీలో కాటెన్‌హామ్‌కు కొన్ని వేల పౌండ్ల షేర్లున్నాయి. 1852లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆయన తీర్పును రద్దు చేసింది. షేర్ల కోసం కాటెన్‌హామ్ న్యాయం తప్పాడని అక్కడ ఎవరూ అనలేదు. అలా అనుకునేవాళ్లు ఎవరూ ఉండరని చెప్పి మరీ రద్దు చేశారు. ఆ తర్వాత అదే సభ వైస్ ఛాన్సలర్ తీర్పును విడిగా పరిశీలించి సరైందేనని తేల్చింది. డైమ్స్ పాయింటు గెలిచి దావా ఓడిపోయాడు. అలాంటి క్లయింటుకు ఫీజు ఎలా అడగాలో మనలో కొందరికి అనుభవం ఉండే ఉంటుంది.

ఈ కేసు చెప్పే ముఖ్యమైన సంగతి వేరే ఉంది. డిస్‌ఇంటరెస్టెడ్ అన్నది మనసుకు సంబంధించిన మాట కాదు. ఆ మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడన్నదానికి సంబంధించిన మాట. కాటెన్‌హామ్ ఎంత నిజాయితీపరుడన్న ప్రశ్న అక్కడ పుట్టనే లేదు. షేర్ల రిజిస్టరులో పేరు ఉందా లేదా, అంతే. కంపెనీల చట్టంలో ఇంటరెస్టెడ్ డైరెక్టర్ అన్నా ఇదే లెక్క. కాంట్రాక్టులో తనకు వాటా ఉంటే ఆ సంగతి చెప్పి, 2013 చట్టం 184వ సెక్షను ప్రకారం ఆ చర్చలో పాల్గొనకుండా ఉండాలి. బోర్డు సమావేశంలో అందరికంటే శ్రద్ధగా కూర్చున్నవాణ్ణి బయటికి పంపి, కునుకు తీస్తున్నవాళ్లతో తీర్మానం నెగ్గించుకోవచ్చు. చట్టం దాన్ని తప్పు పట్టదు.

వాటా అంటే డబ్బే కానక్కర్లేదని 1998లో తేలింది. చిలీ మాజీ నియంత పినోషే లండన్‌లో అరెస్టయ్యాడు. ఆయనకు రక్షణ లేదని నవంబరు 25న హౌస్ ఆఫ్ లార్డ్స్ ముగ్గురూ ఇద్దరుగా చీలి తీర్పిచ్చింది. ఆ ముగ్గురిలో ఒకరైన లార్డ్ హాఫ్‌మన్, ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌కు అనుబంధమైన ధార్మిక సంస్థకు అధ్యక్షుడు. ఆ కేసులో ఆమ్నెస్టీ కూడా వాదన వినిపించింది. హాఫ్‌మన్‌కు అందులో ఒక్క పౌండు జీతం లేదు. అయినా డిసెంబరు 17న ఆ తీర్పు రద్దయింది. మరుసటి ఏడాది మార్చిలో ఏడుగురు జడ్జీలు మళ్లీ విని, ఆరోపణల్ని బాగా కుదించినా, పినోషేకు రక్షణ లేదనే తేల్చారు. చేతిలో షేరు లేకపోయినా నమ్మిన ఆశయం వైపు ఓ అడుగు వేసి ఉన్నాడంటే చాలునన్నమాట.

ఇంత దూరం వెళ్లి వచ్చాం కనక ఇప్పుడు కృష్ణా జిల్లాకు వద్దాం. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరిలో ఏర్పడింది. కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సులు తిరిగే రూట్లను తీసుకోవడానికి స్కీము తయారైంది. బస్సుల యజమానులు అభ్యంతరాలు పెట్టారు. రవాణా చూసే కార్యదర్శి వాళ్ల వాదనలు విన్నారు. ఆ ఫైలు మీద ఆమోదం తెలిపింది మాత్రం ఆ శాఖ బాధ్యత చూస్తున్న ముఖ్యమంత్రి. గుళ్లపల్లి నాగేశ్వరరావు, మరికొందరు ఆపరేటర్లు సుప్రీంకోర్టుకెక్కారు. 1958 నవంబరులో వచ్చిన ఆ మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ కోకా సుబ్బారావు. రాజమండ్రి మనిషి, మన హైకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత దేశానికే ప్రధాన న్యాయమూర్తి.

ఆయన ఆ ఒక్క ఫైల్లో రెండు తప్పులు పట్టుకున్నారు. స్కీము కావాలన్నది రవాణా శాఖ, దాని మీద అభ్యంతరాలు విన్నది ఆ శాఖ అధిపతే. ఇది డిస్‌ఇంటరెస్టెడ్ కాని మనిషి విచారణ జరపడం. రెండోది నాకు ఇంకా ఇష్టమైన పాయింటు. విన్న మనిషి తీర్పు చెప్పలేదు, తీర్పు చెప్పిన మనిషి వినలేదు. చెవులు ఒకరివి, కలం ఇంకొకరిది. సాక్షి చెప్పేటప్పుడు అతని ముఖం చూడటం, వకీలు తడబడినచోట ప్రశ్న వేయడం, అనుమానం అక్కడికక్కడే తీర్చుకోవడం విన్నవాడికే సాధ్యం. నోట్సు చదివినవాడికి అవేవీ దొరకవు. ఆ ముఖ్యమంత్రికి ఫైలు మీద శ్రద్ధ లేదని నేననడం లేదు, తీర్పూ అనలేదు. కానీ శ్రద్ధ పెట్టడానికి వీలే లేని చోట ఆయన్ని కూర్చోబెట్టింది ఆ పద్ధతి. అన్‌ఇంటరెస్టెడ్ అనే ఆరోపణకు చట్టం వెతుక్కున్న ఒక ఇంటిపేరు ఇదని నా అభిప్రాయం.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. రెండోసారి ముఖ్యమంత్రే స్వయంగా కూర్చుని విన్నారు. ఆపరేటర్లు మళ్లీ కోర్టుకు వెళ్లారు. ఈసారి ఓడిపోయారు. కార్యదర్శి శాఖలో భాగం, మంత్రి అలా కాదు, ఆయన ప్రజలకు జవాబుదారీ అని 1959లో కోర్టు గీత గీసింది. ఆ గీత నాకు మొదటినుంచీ పలచగానే కనిపిస్తుంది. శాఖ ఫైళ్లు పొద్దున్నే మంత్రి బల్ల మీదికి వస్తాయి. శాఖకు పేరొస్తే ఆయనకు వస్తుంది. దాన్ని సంబంధం కాదనాలంటే కొంచెం కళ్లు చిట్లించి చూడాలి. ఈ మాట నేను కోర్టులో అనలేదు, ఇక్కడైతే అనొచ్చు.

మన చట్టానికి రెండో మాటకు కూడా ఒక పేరుంది. మనం రోజూ వాడుతూనే ఉంటాం, నాన్ అప్లికేషన్ ఆఫ్ మైండ్. మనసు పెట్టకపోవడం. ఒరిస్సాకు చెందిన జగన్నాథ్ మిశ్రాను డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద నిర్బంధించారు. ఆ ఉత్తర్వులో ఆరు కారణాలు వరసగా ఉన్నాయి. చివరి కారణం ముందు "లేక" అని ఉంది. అంటే చట్టంలో ఉన్న జాబితాను అలాగే దించేశారు. తీరా హోంమంత్రి వేసిన అఫిడవిట్‌లో తాను ఆలోచించానన్నవి రెండే కారణాలు. మంత్రికి ఆ మనిషి మీద పగ ఉందని ఎవరూ చూపలేదు. ఆయన డిస్‌ఇంటరెస్టెడే అనుకోండి. ఒక మనిషిని జైల్లో పెట్టే కాగితంలో ఏం రాసి ఉందో చూసుకోనంత అన్‌ఇంటరెస్టెడ్ కూడా. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

ఒకదాన్ని రిజిస్టరులో చూసి నిరూపించొచ్చు. రెండోదాన్ని ఉత్తర్వులోని "లేక" లాంటి చిన్న జాడతో పట్టుకోవాలి. జాడ వదలకుండా అలక్ష్యం చేసేవాళ్లను ఏ రిట్టూ పట్టుకోలేదు.

ఇక సాక్షులు. ఈ రెండు మాటలూ బాగా తన్నుకునేది ఇక్కడే. మృతుడి భార్యో అన్నదమ్ముడో సాక్ష్యం చెబితే చాలు, ముద్దాయి తరఫు వకీలు లేచి ఇంటరెస్టెడ్ విట్‌నెస్ అంటాడు. దలీప్ సింగ్ కేసులో 1953లోనే జస్టిస్ వివియన్ బోస్ దీనికి జవాబు చెప్పారు. దగ్గర బంధువు అసలు నేరస్థుణ్ణి వదిలేసి అమాయకుణ్ణి ఇరికించడానికి అందరికంటే చివర ఒప్పుకునే మనిషి అన్నది ఆయన తర్కం. బంధువుల మాటను నమ్మకూడదన్న అపోహ తీర్పుల్లో పోయినా వకీళ్ల వాదనల్లో మాత్రం బతికే ఉందని ఆయన ఓ చురక కూడా వేశారు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ చురక మనకు అంటలేదు. 1981లో రాజస్థాన్ ప్రభుత్వానికీ కల్కికీ మధ్య కేసులో సుప్రీంకోర్టు ఇంకా తేటగా చెప్పింది. బంధువు వేరు, ఇంటరెస్టెడ్ వేరు. దావా ఫలితం వల్ల ఏదో ప్రయోజనం పొందేవాడు, లేదా ముద్దాయికి శిక్ష పడితే చూడాలన్న స్వార్థం ఉన్నవాడు ఇంటరెస్టెడ్. కళ్లెదుట భర్త చనిపోతుంటే చూసిన భార్య, ఆమె తప్ప ఇంకో సాక్షికి అవకాశమే లేనిచోట, ఇంటరెస్టెడ్ ఎలా అవుతుందని అడిగింది. ఆ కేసులో సాక్షి భార్యే.

మరి డిస్‌ఇంటరెస్టెడ్ సాక్షి ఎలా ఉంటాడు? చట్టం అతనికోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేసింది. సోదాకు వెళ్లే పోలీసు అధికారి ఆ ప్రాంతంలోని స్వతంత్రులు, గౌరవనీయులు ఇద్దర్నో అంతకంటే ఎక్కువమందినో వెంటబెట్టుకోవాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 100వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 103వ సెక్షను. మిగతా దేశం పంచనామా అనే కాగితాన్ని మన పోలీసులు మధ్యవర్తుల నివేదిక అంటారు. అంత గంభీరమైన పేరున్న కాగితం గురించి ఏ సెషన్స్ కోర్టులోనైనా క్రాస్ ఎగ్జామినేషన్ ఇలా నడుస్తుంది.

"ఈ సంతకం మీదేనా?"

"నాదేనండి."

"ఎక్కడ పెట్టారు?"

"స్టేషన్లోనండి."

"పైన ఏం రాసి ఉందో చదివారా?"

"లేదండి. ఎస్సై గారు పెట్టమన్నారు, పెట్టాను."

"కత్తి మీ ఎదుటే దొరికిందా?"

"నేను వెళ్లేసరికే బల్ల మీద ఉందండి."

పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారు తల పట్టుకుంటారు, సాక్షిని హాస్టైల్‌గా ప్రకటించమంటారు. నాకు ఆ మనిషి మీద కోపం రాదు. అతనికి ఫిర్యాది ఎవరో తెలీదు, ముద్దాయి ఎవరో తెలీదు. చట్టం కోరిన యోగ్యతలన్నీ అక్షరాలా ఉన్నాయి. ఎవరికేం జరిగినా అతనికి రావలసిందీ పోవలసిందీ లేదు. సరిగ్గా అందుకే అతను ఆ కాగితం చదవలేదు. ప్రమేయం లేని మనిషిని వెతికి తెచ్చి, అతనికి పట్టింపు కూడా ఉండాలని మనం ఆశిస్తాం. పట్టింపు ఉన్న భార్యను మాత్రం ప్రమేయం ఉందని అనుమానిస్తాం. మాస్టారు బతికుండగా ఈ వైరుధ్యాన్ని ఆయన ముందు పెట్టి ఉంటే, నన్ను ఇంకో అరగంట నిలబెట్టి ప్రశ్నలు వేసేవారు.

మన భాషలో కూడా ఈ జారుడు జరిగింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఉదాసీనుడంటే మామూలు మనిషి కాదు. పోట్లాడుకునే రాజులకు బయట నిలబడి, ఎవరినైనా ఆదుకోగల, ఎవరినైనా అదుపు చేయగల బలవంతుడు. గీతలో కూడా ఉదాసీనత సుగుణమే. ఇవాళ పేపరు తిరగేస్తే అధికారుల ఉదాసీనత వల్ల చెరువుకు గండి పడింది, ఉదాసీనత వల్ల పింఛను ఆగింది. పక్కకు జరిగి కూర్చున్నవాడు కాస్తా పట్టించుకోనివాడయ్యాడు. ఇంగ్లీషులో రెండు మాటల మధ్య జరిగిన కలగాపులగం మనకు ఒక్క మాటలోనే జరిగిపోయింది. దీన్ని వెనక్కి తిప్పాలని నాకు లేదు, తిప్పడం ఎవరి వశమూ కాదు.

అయితే మనకు పని పడుతున్నది ఇంకోచోట. మన కింది కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జిగారు ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు. వకీలు అడుగుతాడు, "చనిపోయినాయన మీ మేనమామ కాబట్టి కావాలని అబద్ధం చెబుతున్నారు." సాక్షి "కాదండి, నేను చూసిందే చెబుతున్నాను" అంటాడు. రికార్డులో మాత్రం తాను ఇంటరెస్టెడ్ కాబట్టి అబద్ధం చెబుతున్నానన్నది నిజం కాదని సాక్షి అన్నట్టు పడుతుంది. ఆ మాట సాక్షి అనలేదు, అతనికి తెలీదు కూడా. ఇప్పుడేమో ప్రయాణం తిరగబడింది. సుప్రీంకోర్టు 2019లో సువాస్ అనే అనువాద సాఫ్ట్‌వేర్ తెచ్చింది. తీర్పులు తెలుగులోకి కూడా వస్తున్నాయి. మంచిదే. కానీ ఇంటరెస్టెడ్ విట్‌నెస్‌ను మనిషైనా సరే, యంత్రమైనా సరే, ఆసక్తిగల సాక్షి అని దించితే చదివే రైతుకు ఏం అర్థమవుతుంది? కేసు మీద శ్రద్ధ ఉన్న మంచి సాక్షి అనుకుంటాడు. అలాంటి సాక్షిని కోర్టు ఎందుకు నమ్మలేదో అతనికి ఎప్పటికీ తెలీదు.

నా సూచన చిన్నది. మొదటిదానికి ప్రమేయం లేని, స్వప్రయోజనం లేని అన్నవి వాడుకుందాం. రెండోదానికి పట్టింపు లేని, పట్టని అన్నవి చాలు. ఈ మాటలు రచ్చబండ దగ్గర ఇప్పటికే ఉన్నాయి, కొత్తగా పుట్టించాల్సిన పని లేదు. ఇంటరెస్టెడ్ సాక్షిని ప్రయోజనం ఉన్న సాక్షి అందాం, బంధువును బంధువే అందాం. తటస్థ అన్న మాటను మాత్రం దూరంగా పెట్టమని జూనియర్లకు నా మనవి. తటం అంటే ఒడ్డు కదా, ఆ ఒడ్డున కూర్చున్నవాడు నదికి సంబంధం లేనివాడా, నదివైపు చూడనివాడా అన్నది ఆ మాట చెప్పదు. అప్పీలులో ఎదుటి వకీలు ఆ సందు దొరకబుచ్చుకుంటే మీరు గంటసేపు వాదించుకోవాల్సి వస్తుంది.